కొత్త పోస్టుడబ్బా... పాత ఉత్తరాలెక్కడ?

ఆఫీసు కంప్యూటర్లో మెయిల్ తెరవగానే కుడివైపు పైమూలన ఓ చిన్న మీట. ‘కొత్త అవుట్‌లుక్ వాడి చూడండి’ అని పిలుస్తుంటుంది. చూస్తే పోలా అనుకుని నొక్కేస్తారు. రంగులు మారతాయి, బొమ్మలు మారతాయి, తెర విశాలంగా కనిపిస్తుంది. బాగానే ఉందే అనిపిస్తుంది. నాలుగేళ్ల కిందటి కొటేషన్ ఒకటి వెతకాల్సి వచ్చినప్పుడు గానీ అసలు సంగతి తెలీదు!

పొద్దున్నే సీట్లో కూర్చోగానే మొదట తెరిచేది మెయిల్. సాయంత్రం లేచేముందు చివరగా మూసేదీ అదే. సెలవు చీటీ దగ్గర్నుంచి కోట్ల రూపాయల టెండరు దాకా అన్నీ అందులోంచే నడుస్తాయి. బాసు ఏమన్నాడు, మనమేం బదులిచ్చాం, ఎవరు ఏ తేదీన దేనికి ఒప్పుకున్నారు... అన్నిటికీ సాక్ష్యం అక్కడే ఉంటుంది. అలాంటి మెయిల్ సాఫ్ట్‌వేర్ మారడమంటే గోడకు కొత్త రంగు వేసినట్టు కాదు. బల్ల, బీరువా, రికార్డుల గది అన్నీ ఒకే రోజున మార్చేసినట్టు. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో ఆ మార్పే జరుగుతోంది. చూపించే బొమ్మల్లో కొత్తగా ఏమొచ్చిందో ఉంటుంది. ఏం పోతుందో మాత్రం ఎవరికి వారే వెతుక్కోవాలి.

పేరు ఒకటే... రూపాలెన్నో!

అవుట్‌లుక్ అన్న పేరు మనకు కొత్త కాదు. మెయిలు, క్యాలెండరు, చిరునామాల పుస్తకం, చేయాల్సిన పనుల జాబితా... అన్నీ ఒకేచోట పెట్టి 1997లో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకొచ్చింది. అదే ఏడాది ‘అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్’ అని ఇంకోటి వచ్చింది. పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నా రెండూ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు. మన సబీర్ భాటియా, జాక్ స్మిత్‌తో కలిసి 1996 జులై 4న మొదలుపెట్టిన హాట్‌మెయిల్‌ని కూడా మైక్రోసాఫ్ట్ 1997 చివర్లో కొనేసింది. 2012లో దానికీ ‘అవుట్‌లుక్.కామ్’ అని పేరు మార్చింది.

ఇవన్నీ చాలవన్నట్టు 2022లో ‘కొత్త అవుట్‌లుక్’ ప్రయోగాత్మకంగా బయటికొచ్చింది. 2024 ఆగస్టులో ఆఫీసులన్నిటికీ అందుబాటులోకి వచ్చింది. పాతికేళ్లకు పైగా వాడుతున్న పాతదానికి ‘క్లాసిక్’ అన్న తోక తగిలించారు. ఫలితం... ‘అవుట్‌లుక్ పనిచేయట్లేదు’ అని ఎవరైనా ఫోన్ చేస్తే, ‘ఏ అవుట్‌లుక్?’ అని అడగడంతోనే కంప్యూటర్ విభాగం వాళ్లకు ఐదు నిమిషాలు పడుతోంది!

ఇళ్లలో వాడేవాళ్లకు మీట నొక్కాలా వద్దా అన్న ఆలోచన కూడా మిగల్లేదు. విండోస్‌తోపాటు ఉచితంగా వచ్చే ‘మెయిల్’, ‘క్యాలెండర్’లకు 2024 డిసెంబరు 31తో కాలం చెల్లింది. ఆ తర్వాత వాటిలోంచి మెయిల్ పంపడం, అందుకోవడం కుదరదన్నారు. చిన్న వ్యాపార సంస్థల ప్యాకేజీలు తీసుకున్నవారిని 2025 జనవరి నుంచి దానంతటదే కొత్తదానికి మార్చడం మొదలైంది. వద్దనుకుంటే వెనక్కి వెళ్లే వీలు ఉంచారు. 2025 ఫిబ్రవరిలో విండోస్ 10 అప్‌డేట్‌తోపాటే కొత్త అవుట్‌లుక్ కూడా కంప్యూటర్లలో దిగింది.

మారింది పైపూత కాదు

హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014లో సీఈఓ అయ్యాక మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి పెద్దపీట వేసింది. కొత్త అవుట్‌లుక్ కూడా ఆ దారిలోదే. ఈ సంగతి తెలిస్తే మిగతా చిక్కులన్నీ ఎందుకొచ్చాయో సులువుగా అర్థమవుతుంది.

క్లాసిక్ అవుట్‌లుక్ మన కంప్యూటర్లో ఇన్‌స్టాల్ అయ్యే సాఫ్ట్‌వేర్. ఉత్తరాల నకళ్లు మన హార్డ్‌డిస్క్‌లోనే పెట్టుకుని పనిచేస్తుంది. కొత్తది అలా కాదు. బ్రౌజర్లో తెరుచుకునే వెబ్‌మెయిల్‌నే ఓ చట్రంలో బిగించి విడి సాఫ్ట్‌వేర్‌లా నిలబెట్టారు. లోపల తిరిగేది మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్ ఇంజనే. ఉత్తరాల అసలు నివాసం క్లౌడ్‌లో... అంటే ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్లలో. మన కంప్యూటర్ వాటిని చూపించే కిటికీ మాత్రమే. సొంతింట్లోంచి అద్దెంట్లోకి మారామన్నమాట. అద్దెల్లు కొత్తగా, శుభ్రంగా ఉండొచ్చు. కానీ మేకు కొట్టాలన్నా, పెట్టె దింపాలన్నా ఇంటివారి అనుమతి కావాలి!

అటక మీది ట్రంకుపెట్టెలు

క్లాసిక్ అవుట్‌లుక్ వాడినవాళ్లకు ‘పీఎస్‌టీ’ అన్నమాట పరిచయమే. పాత ఉత్తరాలన్నిటినీ మూటగట్టి దాచుకునే ఫైల్ అది. ఒకప్పుడు ఆఫీసులు ఒక్కో ఉద్యోగికి మెయిల్ కోసం ఇచ్చే చోటు చాలా తక్కువ. అది నిండిపోగానే ‘ఖాళీ చేయండి’ అని హెచ్చరికలు వచ్చేవి. తీసేయడానికి మనసొప్పక ఉద్యోగులు వాటిని పీఎస్‌టీ ఫైళ్లలోకి మార్చి, కంప్యూటర్లో ఓ మూల దాచుకునేవారు. అవుట్‌లుక్ 2003కి ముందు అలాంటి ఒక్కో ఫైల్‌కి 2 జీబీ హద్దు ఉండేది. అది దాటితే ఫైల్ చెడిపోయే ప్రమాదం. అందుకే ఏడాదికో ఫైల్ చేసి పెట్టుకోవడం చాలామందికి అలవాటైంది. అటక మీద వరసగా పేర్చిన ట్రంకుపెట్టెల్లాగన్నమాట.

కొత్త అవుట్‌లుక్ విడుదలైనప్పుడు ఆ పెట్టెల్ని తెరిచే తాళంచెవే అందులో లేదు. 2025లో గానీ వాటిలోని ఉత్తరాలను చదివే వీలు రాలేదు. అదీ కంప్యూటర్లో క్లాసిక్ కూడా ఉంటేనే అన్న షరతుతో! ఆ తర్వాత ఒక్కో సౌకర్యమూ చేరుస్తూ వస్తున్నారు. అసలు పీఎస్‌టీలే లేనివారికి ఇది పెద్ద విషయం కాదు. ఇరవయ్యేళ్ల సర్వీసున్న అకౌంట్స్ ఉద్యోగికి మాత్రం గుండెకాయ లాంటి సంగతి.

ఎందుకంటే ఉత్తరం అంటే కబుర్లు కాదు, ఆధారం. ఎలక్ట్రానిక్ రికార్డులకు మనదేశంలో 2000 నాటి ఐటీ చట్టమే గుర్తింపునిచ్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ‘పత్రం’ అంటే ఏమిటో చెబుతూ ఇచ్చిన ఉదాహరణల్లో ఈమెయిళ్ల ప్రస్తావన కూడా ఉంది. పన్ను నోటీసుకు జవాబివ్వాలన్నా, సరుకు ఆలస్యమైందని వాదించాలన్నా, రావలసిన ఇంక్రిమెంటు గురించి మాట ఇచ్చారని చూపించాలన్నా ఆ పాత ఉత్తరమే దిక్కు. అది కంప్యూటర్లోనే ఉన్నా కొత్త సాఫ్ట్‌వేర్‌లో కనిపించకపోతే లేదనుకుంటారు. ఆ తర్వాత కొత్త కంప్యూటర్ ఇస్తారు. పాతదాన్ని చెరిపేసి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. అప్పుడది నిజంగానే పోతుంది.

నెట్ పోతే... పనీ పోయినట్టే!

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ నుంచి హైదరాబాద్ వస్తూ ల్యాప్‌టాప్‌లో పాత ఉత్తరాలు చూసుకుని, జవాబులు రాసి పెట్టుకోవడం ఊళ్లు తిరిగే ఉద్యోగులకు అలవాటు. నెట్ దొరకగానే అవే వెళ్లిపోతాయి. 2003 నుంచీ అవుట్‌లుక్‌లో ఈ వీలుంది. ఉత్తరాల నకళ్లు కంప్యూటర్లోనే ఉండేవి కాబట్టి దారిలో సిగ్నల్ లేకపోయినా పని ఆగేది కాదు.

కొత్తది మొదట్లో నెట్ లేకపోతే అక్కరకే రాలేదు. విమర్శలు వచ్చాక 2024లో ఆఫ్‌లైన్ సౌకర్యం మొదలుపెట్టారు. ఎన్నిరోజుల ఉత్తరాలు కంప్యూటర్లో ఉండాలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎంచుకోవాలి. ఈ సంగతి తెలియనివాళ్లు ఎంచుకోరు. రైలెక్కాక తెరిచి చూస్తే ఈమధ్య వచ్చిన ఉత్తరాలు కొన్నే ఉంటాయి. కావలసిన పాత ఉత్తరం మాత్రం క్లౌడ్‌లో భద్రంగా ఉంటుంది... అందకుండా!

పనిమంతులు గడపలోనే ఆగిపోయారు

చాలా ఆఫీసుల్లో అవుట్‌లుక్ ఒంటరిగా పనిచేయదు. ఉత్తరాన్ని నేరుగా కస్టమర్ ఫైల్లో చేర్చేది ఒకటి, లాయర్ల ఆఫీసులో కేసు నంబరు తగిలించి దాచేది ఇంకొకటి... ఇలా రకరకాల చిన్న సాఫ్ట్‌వేర్లను దానికి జతచేసుకుంటారు. వాటిలో పాతవన్నీ ‘కామ్ యాడ్-ఇన్’ అనే పద్ధతిలో తయారైనవి. కొత్త అవుట్‌లుక్ వాటిని లోపలికి రానివ్వదు. వెబ్ పద్ధతిలో తయారైన యాడ్-ఇన్‌లు మాత్రమే చెల్లుతాయి. తయారుచేసిన కంపెనీ ఇంకా ఉంటే, కొత్తది రాసిస్తే సరే. లేకపోతే ఆ పని మళ్లీ చేత్తో చేసుకోవాల్సిందే.

మాక్రోల సంగతీ అంతే. రోజూ చేసే పనిని ఒక్క మీటతో అయ్యేలా ఆఫీసులో కాస్త తెలిసిన కుర్రాడెవరో ఎప్పుడో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములివి. ఫలానా వారి నుంచి బిల్లు రాగానే జతచేసిన కాగితాన్ని ఫలానా ఫోల్డర్లో దాచెయ్... లాంటివి. రాసినవాడు ఉద్యోగం మారిపోయినా ప్రోగ్రాము మాత్రం నమ్మకంగా పనిచేస్తూనే ఉంటుంది. కొత్తదాంట్లో వాటికి చోటు లేదు. మన కంప్యూటర్లో మాత్రమే నడిచే కొన్ని ‘రూల్స్’ కూడా ఇందులో పనిచేయవు. విచిత్రం ఏమిటంటే, ఆగిపోయిన పని ఎవరికీ వెంటనే కనిపించదు. నెలాఖరున లెక్క తేలనప్పుడే బయటపడుతుంది.

అయితే ఈ తలుపు మూయడానికి కారణం లేకపోలేదు. 1999లో ‘మెలిస్సా’, 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్‌లు ప్రపంచాన్ని వణికించాయి. అవుట్‌లుక్ చిరునామాల పుస్తకంలో ఉన్నవారికి వాటంతటవే ఉత్తరాలు పంపుకుంటూ పాకిపోయాయి. సాఫ్ట్‌వేర్ లోపలిదాకా వచ్చి పనిచేసే వీలు మంచివాళ్లకిస్తే దొంగలకూ ఇచ్చినట్టే. ఆ తలుపు మూయడం భద్రతకు మంచిదే. కాకపోతే మూసేముందు ఆ దారిన రోజూ వచ్చిపోయేవాళ్లకు ఓ మాట చెప్పాలిగా!

వేళ్లకు తెలిసిన దారి

ఏళ్లుగా ఒకే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మెదడుతో కాదు, వేళ్లతో పనిచేస్తారు. చీకట్లోనైనా వంటింట్లో ఉప్పు డబ్బా మీదకు అమ్మ చెయ్యి నేరుగా వెళ్లినట్టు! మిగతాచోట్ల కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే ‘వెతకడం’. అదే అవుట్‌లుక్‌లో నొక్కితే ‘ఫార్వర్డ్’ అవుతుంది. ఈ వింత కూడా అలవాటైపోయి, అలాగే వేగంగా పనిచేసుకుపోతున్నారు. మీటల చోటు మారిందంటే ఆ వేగమంతా ఒక్కరోజులో సున్నా.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని భారం అందరి మీదా సమానంగా పడదు. పాతికేళ్ల కుర్రాడు రెండు రోజుల్లో అలవాటు పడతాడు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న సీనియర్ గుమస్తా, ‘బాబూ, ఇందులో పాత క్యాలెండర్ ఎక్కడుందో కాస్త చూపిస్తావా’ అని నిన్నటిదాకా తాను పని నేర్పిన కుర్రాడినే అడగాల్సి వస్తుంది. ఆయనకు పని రాక కాదు. వచ్చిన పనికి దారి మార్చేశారు కాబట్టి! కంటిచూపు తక్కువై, మౌస్ కాకుండా మీటల మీదే ఆధారపడేవారి కష్టం ఇంకా ఎక్కువ. ఈ నేర్చుకునే సమయాన్ని ఏ సంస్థా ఖర్చు కింద రాయదు. అది ఉద్యోగుల భోజన విరామంలోంచి, ఇంటికెళ్లే వేళలోంచి పోతుంది.

ఇలాంటి గొడవ మైక్రోసాఫ్ట్‌కి కొత్త కాదు. 2007లో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మెనూలు తీసేసి ‘రిబ్బన్’ పెట్టినప్పుడు జనం తిట్టుకుంటూనే అలవాటు పడ్డారు. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ మాయమైతే మాత్రం ఊరుకోలేదు. మరుసటేడే 8.1లో బటన్ తిరిగొచ్చింది. అంటే వాడేవాళ్ల మాట వినిపిస్తే కంపెనీలు వెనక్కి తగ్గుతాయి. కొత్త అవుట్‌లుక్‌లోనూ పీఎస్‌టీ, ఆఫ్‌లైన్ సౌకర్యాలు ఆలస్యంగానైనా చేరాయి కదా!

తాళంచెవి ఎవరి దగ్గర?

అన్నిటికన్నా గట్టిగా ఆలోచించాల్సింది ఇది. చాలామంది అవుట్‌లుక్‌లో మైక్రోసాఫ్ట్ మెయిలే కాకుండా వేరే సంస్థల మెయిల్ ఖాతాలూ కలుపుకుంటారు. క్లాసిక్‌లో అయితే మన కంప్యూటరే నేరుగా ఆ సర్వర్‌తో మాట్లాడి ఉత్తరాలు తెచ్చుకుంటుంది. కొత్తదాంట్లో మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మన తరఫున వెళ్లి తెస్తుంది. అలా తేవాలంటే మన ఖాతా తెరిచే హక్కు దానికి ఇవ్వాలి. కొన్నిరకాల ఖాతాలకైతే పాస్‌వర్డే దాని సర్వర్లకు వెళుతుందని 2023 నవంబరులో జర్మనీకి చెందిన ‘హైజె’ బయటపెట్టింది. అప్పటి జర్మనీ సమాచార రక్షణ కమిషనర్ ఉల్రిచ్ కెల్బర్ దానిపై ఆందోళన వ్యక్తం చేశారు.

ఖాతా కలిపేటప్పుడు ‘మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌తో సింక్ చేస్తాం’ అన్న సూచన తెరమీద కనిపిస్తుంది. కానీ అలాంటివి చదివేదెవరు? ‘కంటిన్యూ’ నొక్కేయడం అందరికీ అలవాటేగా! సొంత మెయిల్ అయితే మన ఇష్టం. ఆసుపత్రిలో రోగుల రిపోర్టులు, ఆడిటర్ దగ్గర క్లయింట్ల లెక్కలు ఉన్న మెయిల్ అయితే ఆ ఉత్తరాలు మనవొక్కరివే కావు. వాటిని ఇంకొకరి సర్వర్ల మీదుగా పంపేముందు సంస్థ అనుమతి ఉందో లేదో తెలుసుకోవాలి. డబ్బులు కట్టకుండా ఉచితంగా వాడేవాళ్లకు ఉత్తరాల జాబితాలోనే ప్రకటనలూ వస్తాయి. వచ్చిన ఉత్తరమేమో అనుకుని తెరిస్తే అది ప్రకటన!

మంచీ ఉంది సుమా!

కొత్తదంతా చెడ్డదనుకోనక్కర్లేదు. పొరపాటున పంపిన ఉత్తరాన్ని కొన్ని క్షణాల్లోపు ఆపేసుకోవచ్చు. ముఖ్యమైనదాన్ని జాబితాలో పైన గుచ్చి పెట్టుకోవచ్చు. ‘ఇప్పుడు కాదు, సోమవారం గుర్తుచెయ్’ అని పక్కన పెట్టొచ్చు. బ్రౌజర్లో తెరిచినా, ఇంకో కంప్యూటర్లో తెరిచినా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. కంప్యూటర్ పాడైనా క్లౌడ్‌లోని ఉత్తరాలు ఎక్కడికీ పోవు. హార్డ్‌డిస్క్ పోయి పదేళ్ల పీఎస్‌టీలు పోగొట్టుకున్నవారిని అడిగితే ఈ ఒక్కదాని విలువ ఎంతో చెబుతారు. ఇప్పుడే ఉద్యోగంలో చేరి, పాత పెట్టెలేవీ లేనివారికి కొత్తదే సుఖం.

మీట నొక్కేముందు...

తొందరేమీ లేదు. క్లాసిక్ అవుట్‌లుక్‌కి కనీసం 2029 దాకా మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈలోపు చేయాల్సిన పనులు ఇవీ...

- కంప్యూటర్లో ఎక్కడెక్కడ పీఎస్‌టీ ఫైళ్లున్నాయో వెతికి జాబితా రాసుకోండి. వాటికి ఇంకో డిస్క్‌లో నకలు తీసి పెట్టండి. కంప్యూటర్ మార్చేటప్పుడు ముందు ఈ ఫైళ్ల సంగతే అడగండి.

- అవుట్‌లుక్‌కి జతచేసుకున్న యాడ్-ఇన్‌లు, మాక్రోలు, రూల్స్ ఏమేం ఉన్నాయో చూడండి. ఒక్కోటీ ఏ పని చేస్తోందో రాసుకుంటే, మారాక ఏది ఆగిపోయిందో తెలుస్తుంది.

- ప్రయాణాలు చేసేవాళ్లు ఆఫ్‌లైన్ సెట్టింగ్ చూసుకోండి. ఇంట్లోనే ఓసారి నెట్ ఆపేసి, కావలసిన ఉత్తరాలు తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించండి.

- బయటి మెయిల్ ఖాతాలు కలిపేముందు తెరమీద వచ్చే సూచన పూర్తిగా చదవండి. అది ఆఫీసు ఖాతా అయితే కంప్యూటర్ విభాగాన్ని అడిగాకే కలపండి.

- నెలాఖరు, ఆర్థిక సంవత్సరం చివర, టెండర్ల గడువు... ఇలాంటి హడావుడి రోజుల్లో మార్చొద్దు. పని తక్కువుండే వారంలో మార్చి చూడండి. నచ్చకపోతే అదే మీటతో వెనక్కి రావచ్చు. ఆ వీలు ఎప్పటికీ ఉంటుందనుకోవద్దు.

ఆఫీసులు నడిపేవాళ్లకూ ఓ మాట. ఆఫీసంతటినీ ఒకేసారి మార్చేయకుండా ముందు నలుగురైదుగురితో వాడించి చూడండి. ఆ నలుగురిలో హుషారైన కుర్రాళ్లే కాకుండా, ఎక్కువకాలంగా పనిచేస్తున్నవారు ఒకరైనా ఉండాలి. ఏది పోతే పని ఆగుతుందో వారికే తెలుస్తుంది. నేర్చుకోవడానికి ఓ పూట సమయమిచ్చి, దాన్ని పనిగంటల్లోనే లెక్కవేయండి. ఇల్లు మారేటప్పుడు లారీ ఎక్కించేముందు అటక కూడా చూసుకుంటాంగా... మెయిల్ మార్చేటప్పుడూ అంతే!